పాపకు పళ్ళు రాలేదు, బాబుకు తొందరగా వచ్చాయి: బరువే కారణమా?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు 14 నెలలు. నెలలు నిండకుండా 35 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు 2.1 కిలోలు, ఇప్పుడు 7.6 కిలోలు, పొడవు 71.5 సెంటీమీటర్లు. ఇంతవరకు ఒక్క పన్ను కూడా రాలేదు. చూసినవాళ్ళందరూ ‘పిల్ల బక్కగా ఉంది, ఒంట్లో బలం లేదు, ఇక పళ్ళెలా వస్తాయి’ అంటున్నారు. బాబుకు ఆరేళ్ళు. బొద్దుగా ఉంటాడు. 27 కిలోల బరువు, 116 సెంటీమీటర్ల ఎత్తు. అయిదో ఏటనే కింది పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. వాడికి పెట్టినట్టే పాపకూ రోజుకు మూడుసార్లు పంచదార, బలం పొడి కలిపిన పాలు సీసాతో పట్టించి, బిస్కట్లు నానబెట్టి పెడితే ఒళ్ళు చేస్తుందని, పళ్ళు వాటంతటవే వస్తాయని మా అత్తయ్య గారు అంటున్నారు. మందుల షాపులో కాల్షియం సిరప్ ఇచ్చారు. అది పట్టిస్తే పళ్ళు వస్తాయా? పళ్ళు లేవని ఇప్పటికీ అన్నం మిక్సీలో పట్టి పెడుతున్నాను. పాపకు పై పళ్ళు ముందు వస్తే మేనమామకు కీడంటారు, అదొక భయం. బాబుకు చివరి దవడ పన్ను మీద నల్లటి గీత కనిపిస్తోంది. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా అని వదిలేశాం.

– ఒక తల్లి

సమాధానం:

అమ్మా, వయసు, బరువు, పొడవు, ఎన్ని వారాలకు పుట్టిందో అన్నీ అంకెలతో సహా రాశారు. ఆ వివరాలు లేకపోతే ఊహ మీద ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పాప గురించే. బాబు పన్ను మీది నల్లగీత సంగతి చివర రెండు ముక్కల్లో ప్రస్తావించి వదిలేశారు. రెండూ చదివాక నాకు ఎక్కువ ఆందోళన కలిగింది బాబు విషయంలోనే. ఎందుకో వివరంగా చెబుతాను. మీరు అడిగిన వరుసలో ముందు పాప సంగతి చూద్దాం.

పిల్లలకు మొదటి పన్ను సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య వస్తుంది. ఏడాది దాటాక మొదటి పన్ను వచ్చే ఆరోగ్యవంతులైన పిల్లలూ ఉన్నారు. మీ పాప నెల రోజులకు పైగా ముందే పుట్టింది కాబట్టి, పళ్ళ విషయంలో ఆమె వయసును పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించాలి. అలా లెక్కిస్తే ఇప్పుడు 13 నెలలు. మీకు గానీ, వాళ్ళ నాన్నగారికి గానీ చిన్నప్పుడు పళ్ళు ఆలస్యంగా వచ్చాయేమో పెద్దవాళ్ళను అడగండి. పళ్ళు మొలిచే కాలం చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. 18 నెలలు నిండినా ఒక్క పన్నూ కనిపించకపోతే తప్పకుండా పరీక్షలు చేయించాలి.

మరి బరువు మాటేమిటి? మీ చుట్టుపక్కలవాళ్ళు అంటున్నదాంట్లో కొంత నిజం ఉంది. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పాలపళ్ళు కొంత ఆలస్యంగా వస్తాయి. దీర్ఘకాలం సరైన తిండి అందక ఎత్తు ఎదగని పిల్లల్లోనూ అంతే. పెరూ దేశంలో అల్వారెజ్ అనే పరిశోధకుడి బృందం 1980, 90 దశకాల్లో ఇలాంటి పిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. పోషకాహారం అందని పిల్లలకు పాలపళ్ళు ఆలస్యంగా వచ్చాయి, ఆలస్యంగా ఊడాయి, పైగా ఎక్కువగా పుచ్చాయి. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పళ్ళ ఆలస్యంతో ఎక్కువ సంబంధం కనిపించేది బక్కపలచగా ఉండటానికి కాదు, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడానికి. బరువు నాలుగు రోజుల జ్వరానికే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎత్తు తగ్గిందంటే నెలల తరబడి లోటు సాగిందని అర్థం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారే. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరన్నమాట.

మీ పాప అంకెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలో పెట్టి చూశాను. 14 నెలల ఆడపిల్లకు మధ్యస్థ బరువు 9.4 కిలోలు. 7.4 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువుగా లెక్కిస్తారు. పొడవు 71 సెంటీమీటర్ల కంటే తగ్గితే ఎదుగుదల కుంటుపడినట్టు. మీ పాప రెండు గీతలకూ కాస్త పైనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన సంగతి కూడా కలుపుకుంటే పరిస్థితి ఇంకొంచెం మెరుగ్గానే కనిపిస్తుంది. అయినా గీతకు దగ్గరగా ఉన్న పిల్ల కాబట్టి అశ్రద్ధ పనికిరాదు. ఒక్క నెల అంకె చూసి ఏ డాక్టరూ తీర్పు చెప్పలేరు. అంగన్‌వాడీ కార్డులో గత ఆరు నెలల బరువులు ఉంటాయి. ఆ చుక్కలు పట్టికలోని గీతకు సమాంతరంగా పైకి పోతున్నాయా, అడ్డంగా సాగుతున్నాయా చూడండి. సమాంతరంగా పోతుంటే ఆ పిల్ల తన దారిలో తాను ఎదుగుతున్నట్టే. రెండు మూడు నెలలుగా అడ్డంగా సాగుతుంటే మాత్రం పళ్ళ కోసం కాదు, పిల్ల కోసమే పిల్లల డాక్టరును కలవాలి.

ఇప్పుడు కాల్షియం సిరప్. దాంతో పళ్ళు రావు. పాలపళ్ళ మొగ్గలు తల్లి కడుపులో ఆరో వారానికే మొదలవుతాయి. నాలుగో నెలలో వాటిమీద ఎనామెల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, పట్టడం మొదలవుతుంది. బిడ్డ పుట్టేనాటికి ముందు పళ్ళ పైభాగం చాలావరకు తయారై చిగురు కింద ఉంటుంది. ఏడాది నిండేసరికి ఇరవై పాలపళ్ళ ఎనామెల్ పని దాదాపు అయిపోతుంది. అంటే మీ పాప పాలపళ్ళు తయారు కావాల్సినవి ఇప్పటికే తయారయ్యాయి, బయటికి రావడమే మిగిలింది. వేరు ఎదిగి, పైనున్న ఎముక కరిగి దారి ఇచ్చినప్పుడు పన్ను పైకి వస్తుంది. సిరప్ ఆ పనిని తొందరపెట్టలేదు. ఆ డబ్బుతో రోజుకొక గుడ్డు కొనండి.

విటమిన్-డి సంగతి వేరు. ఆ లోపం వల్ల ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బులో పళ్ళు నిజంగానే ఆలస్యమవుతాయి, ఎనామెల్ కూడా గుంటలు గుంటలుగా తయారవుతుంది. ఇంగ్లండులో మే మెలన్బీ అనే శాస్త్రవేత్త సుమారు వందేళ్ళ కిందటే ఈ సంబంధాన్ని కుక్కపిల్లల మీద పరిశోధనలతో చూపించారు. మన దేశంలో పిల్లల డాక్టర్లు పుట్టినప్పటి నుంచి ఏడాది వరకు రోజుకు 400 యూనిట్ల విటమిన్-డి చుక్కలు వేయమంటారు. మీ పాపకు వేశారా? వేయకపోతే, లేదా మధ్యలో మానేస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి. మణికట్లు ఉబ్బినట్టు వెడల్పుగా ఉండటం, నిలబడితే కాళ్ళు వంకరగా కనిపించడం, మాడు ఇంకా పెద్దగా తెరుచుకుని ఉండటం, ఇవి కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. అదే రక్తంతో థైరాయిడ్ పరీక్ష కూడా చేయమని అడగండి. థైరాయిడ్ లోపమున్న పిల్లలకు పళ్ళతో పాటు నడక, మాట కూడా ఆలస్యమవుతాయి. మీ పాప పట్టుకుని నిలబడుతోందా, ‘అత్త’, ‘తాత’ లాంటి మాటలు అంటోందా రాయలేదు. అవి బాగుంటే ఆ భయం చాలావరకు తగ్గినట్టే.

ఇప్పటిదాకా చెప్పింది చిగురు కింద ఉన్న పాలపళ్ళ గురించి. అంతకంటే ముఖ్యమైన పని ఒకటి మీ పాప దవడలో ఇప్పుడే జరుగుతోంది. జీవితాంతం ఉండాల్సిన పళ్ళు తయారవుతున్నాయి. ఆరేళ్ళకు వచ్చే మొదటి పెద్ద దవడ పళ్ళ ఎనామెల్ పుట్టుకతోనే మొదలై మూడేళ్ళలోపు పూర్తవుతుంది. ముందు వరుసలోని శాశ్వత దంతాలది మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికి నశించిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామెల్ మాత్రం ఒక్కసారే తయారవుతుంది. స్లాబు పోసే రోజున సిమెంటు తగ్గితే తర్వాత ఎన్ని రంగులు వేసినా ఆ బలం రాదు కదా, ఇదీ అంతే. అందుకే పోషకాహారం విషయంలో నేను ‘ఎప్పుడు పన్ను వస్తుంది’ అని చూడను, ‘ఏ పన్ను ఇప్పుడు తయారవుతోంది’ అని చూస్తాను. ఈ రెండు మూడేళ్ళలో పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్-ఎ, విటమిన్-డి అందకపోతే, మళ్ళీ మళ్ళీ జబ్బు పడితే, ఆ గుర్తులు ఏడెనిమిదేళ్ళ వయసులో వచ్చే ముందు పళ్ళమీద గుంటలుగా, గీతలుగా, తెల్లటి లేదా పసుపు మచ్చలుగా బయటపడతాయి.

ఈ సందర్భంలోనే విరేచనాల గురించి చెప్పాలి, మీరు అడగకపోయినా. మన ఇళ్ళలో ఈ వయసు పిల్లలకు విరేచనాలైనా, జ్వరమొచ్చినా ‘పళ్ళు వస్తున్నాయిలే’ అని ఊరుకునే అలవాటుంది. పన్ను వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు దురద పెడుతుంది, బిడ్డ చిరాకు పడుతుంది, ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు. నీళ్ళ విరేచనాలు, ఎక్కువ జ్వరం పన్ను వల్ల రావు. ఈ వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, ఆ మురికి వల్ల వస్తాయి. విరేచనాలు మొదలైన రోజే ఓఆర్ఎస్ పట్టించండి, తల్లిపాలు, తిండి ఆపకండి, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే జింక్ మాత్ర రోజుకొకటి చొప్పున 14 రోజులు పూర్తిగా వేయండి. రెండు రోజులకే తగ్గిందని ఆపేస్తుంటారు, ఆపకూడదు. ప్రతి విరేచనాల విడతా బరువును వెనక్కి లాగుతుంది. ఏడాదికి నాలుగైదు సార్లు అలా జరిగితే ఆ పిల్ల ఎత్తు మీదా, తయారవుతున్న పళ్ళ మీదా దెబ్బ పడుతుంది.

మిక్సీ సంగతికి వస్తే, దాన్ని ఈ రోజే పక్కన పెట్టేయండి. పళ్ళు లేకపోయినా పిల్లలు చిగుళ్ళతో చక్కగా నలుపుతారు. నిజానికి ముందు వచ్చే పళ్ళు కొరకడానికే తప్ప నమలడానికి కాదు. నమిలే పళ్ళు ఎవరికైనా ఏడాది దాటాకే వస్తాయి. 9, 10 నెలల నుంచి కాస్త పలుకులున్న తిండి అలవాటు చేయకపోతే, తర్వాత ఏది పెట్టినా నాలుకతో బయటికి నెట్టేస్తారు, వాంతి చేసుకుంటారు. అప్పుడు పాలూ, బిస్కట్లూ తప్ప మరేమీ లోపలికి పోదు, బరువూ పెరగదు. మెత్తగా ఉడికించిన అన్నాన్ని వేళ్ళతో చిదిమి పెట్టండి. వారం పది రోజులు పేచీ పెట్టినా అలవాటు పడుతుంది.

ఏమి పెట్టాలి? పంచదార లేకుండానే బరువు పెంచవచ్చు. పప్పు మీది తేట కట్టు తీసి పిల్లకు పోయడం చాలా ఇళ్ళలో చూస్తుంటాను. అందులో నీళ్ళే ఎక్కువ, బలమంతా అడుగున ఉండిపోతుంది. గట్టి ముద్దపప్పు పెట్టండి, అందులో తోటకూరో పాలకూరో వేసి ఉడికించండి. ప్రతి గిన్నెలో ఒక చెంచా నెయ్యి లేదా నువ్వుల నూనె కలపండి. ఒక్క చెంచాకు 45 కేలరీల దాకా వస్తాయి, పిల్ల కడుపు చిన్నది కాబట్టి ఇది చాలా పనికొస్తుంది. రోజుకొక గుడ్డు. వేరుశనగలు, నువ్వులు వేయించి మెత్తటి పొడి కొట్టి అన్నంలో, జావలో కలపండి. గింజలు మాత్రం పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఈ వయసు పిల్లకు రోజుకు కావాల్సింది 500 మిల్లీగ్రాములు. అయితే పలచటి రాగి జావ సీసాలో పోసి పట్టిస్తే లాభం లేదు. చెంచా నుంచి జారిపడనంత చిక్కగా కాచి, పెరుగో పాలో కలిపి పెట్టండి. రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా మంచిది, అందులోని కాల్షియం, ఇనుము ఒంటికి బాగా పడతాయి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం తప్పకుండా తెచ్చుకోండి. అందులో కొంత పంచదార ఉన్నా, తిండి వేళకు చెంచాతో పెడితే ఇబ్బంది లేదు. అదనంగా తీపి కలపవద్దు. తల్లిపాలు ఇస్తుంటే రెండేళ్ళ దాకా కొనసాగించండి. ఆవుపాలు, గేదెపాలు రోజుకు అర లీటరు మించనివ్వకండి. పాలతో కడుపు నిండిన పిల్ల అన్నం ముట్టదు, రక్తం తగ్గిపోతుంది. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో 6 నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు వేయండి. దాని వల్ల పళ్ళమీద నల్లటి మరక పడితే కంగారు పడకండి, అది పైపైనే ఉంటుంది, శుభ్రం చేస్తే పోతుంది. 9 నెలలకు విటమిన్-ఎ వేసి ఉంటారు, 16 నుంచి 18 నెలల మధ్య రెండో మోతాదు మరచిపోకండి.

మీది కనిగిరి ప్రాంతం కాబట్టి నీళ్ళ గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. మన దేశంలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మొట్టమొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలో ఉండేవి. పిల్లల ఎనామెల్ తయారయ్యే ఏళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగితే, శాశ్వత దంతాలు సుద్దలా తెల్లగా, గోధుమరంగు చారలతో వస్తాయి. తిండి సరిగా అందని, కాల్షియం తక్కువైన పిల్లల మీద ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. మీరు తాగే, వండే నీళ్ళు ఎక్కడివి? బోరు నీళ్ళయితే ఒక సీసా పట్టుకెళ్ళి గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. కాచి చల్లార్చితే ఫ్లోరైడు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎక్కువుందని తేలితే తాగడానికే కాక, అన్నానికీ పప్పుకూ జావకూ కూడా శుద్ధి యంత్రం నీళ్ళో, కుళాయికి వచ్చే నది నీళ్ళో వాడండి.

పై పళ్ళు ముందు వస్తే మేనమామకు కీడన్న మాటకు ఆధారం లేదు. ఎక్కువమందికి కింది పళ్ళు ముందు వస్తాయి, కొందరికి పైవి ముందు వస్తాయి, అంతే తేడా. ఆ పేరు చెప్పి పిల్ల నోరు తెరిచినప్పుడల్లా ఇంట్లో భయపడుతుంటే బాధపడేది మీరే. మీ అన్నదమ్ములను రమ్మని చెప్పి, ఆ పళ్ళు వచ్చినప్పుడు మేనకోడలికి మంచి గౌను కొనిపెట్టమనండి.

ఇక బాబు. అయిదేళ్ళకే పళ్ళు మారడాన్ని ఇంట్లో అందరూ బలానికి గుర్తుగా చూస్తున్నారు. బరువెక్కువున్న పిల్లలకు శాశ్వత దంతాలు ముందుగా రావడం మేము తరచూ చూసేదే. అమెరికా జాతీయ సర్వేలో 2001 నుంచి 2006 వరకు సేకరించిన వివరాలను విశ్లేషించినప్పుడు, స్థూలకాయమున్న పిల్లలకు అదే వయసు మిగతా పిల్లల కంటే సగటున ఒకటికి పైగా పళ్ళు ఎక్కువ మొలిచి ఉన్నాయి. ఆ పిల్లల ఎముకల వయసు కూడా ముందుకు పరుగెడుతుంది, యుక్తవయసు లక్షణాలూ ముందే వస్తుంటాయి. ఒంటి ఎదుగుదల తొందరపడుతోందని పళ్ళు చెబుతున్నాయి. పన్ను గట్టిదనం గురించి అది ఏమీ చెప్పదు. మీ బాబు ఎత్తు వయసుకు సరిగ్గా ఉంది, బరువు మాత్రం ఆ ఎత్తుకు చాలా ఎక్కువ. ఎత్తును బట్టి బరువును చూసే బీఎంఐ లెక్క కడితే 20 వస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఆరేళ్ళ మగపిల్లలకు 18.5 దాటితే స్థూలకాయం కిందే లెక్క.

తొందరగా వచ్చిన దవడ పన్నుతో ఇబ్బంది ఏమిటో చెబుతాను. బాబును వెలుతురులో కూర్చోబెట్టి, నోరు పెద్దగా తెరవమని, కింది వరుసలో ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మధ్య నుంచి ఒక పక్కకు అయిదు పళ్ళయ్యాక వెనక ఆరోది కనిపిస్తే, అదే మొదటి శాశ్వత దవడ పన్ను. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు, చివరి పాలపన్ను వెనక నుంచి చప్పుడు లేకుండా వస్తుంది. అందుకే మీలాగే ఎంతోమంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్ననుకుని వదిలేస్తారు. మీరు ‘చివరి దవడ పన్ను’ అని రాశారు. నా అంచనా ప్రకారం ఆ నల్లగీత ఉన్నది దీనిమీదే. ఇది ఊడిపోయే పన్ను కాదు. అరవై, డెబ్భై ఏళ్ళు నమలాల్సిన పన్ను. కొత్తగా వచ్చినప్పుడు దీని వెనక భాగాన్ని కొంతకాలం చిగురు కప్పి ఉంటుంది. ఆ చిగురు కిందా, పన్ను మీది లోతైన గీతల్లోనూ బిస్కట్ ముద్ద ఇరుక్కుంటే బ్రష్షు అందదు. పైగా కొత్త ఎనామెల్ లాలాజలంలోని ఖనిజాలను పీల్చుకుని గట్టిపడటానికి రెండేళ్ళ దాకా పడుతుంది. ఆరేళ్ళ పిల్లవాడు తనంతట తాను తోముకుంటే బ్రష్షు అక్కడిదాకా పోనే పోదు. ఆ సమయంలో రోజుకు మూడుసార్లు తీపి పాలు. ఒక్కో గ్లాసులో రెండు చెంచాల పంచదారనుకున్నా, ఆ పొడిలో ఉన్న తీపి కలిపితే రోజుకు పాతిక, ముప్ఫై గ్రాములు దాటుతుంది. బిస్కట్లు లెక్కలోకి రాలేదు.

బాబుకు సీసా ఎప్పటివరకు వాడారో రాయలేదు. ఒకసారి పై పెదవి ఎత్తి, మిగిలిన పై పాలపళ్ళను చిగురు అంచు దగ్గర చూడండి. అక్కడ సుద్ద గీసినట్టు తెల్లటి గీత గానీ, గోధుమరంగు గుంటలు గానీ ఉంటే అవి రాత్రి సీసా పాల గుర్తులు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, మింగడం ఆగుతుంది, తీపి పాలు పై పళ్ళ చుట్టూ గంటల తరబడి నిలిచిపోతాయి. మీ అత్తయ్య గారు పాపకూ అదే పద్ధతి అంటున్నారు కాబట్టి ఇంతగా చెబుతున్నాను. ఆవిడ ప్రేమను నేను తప్పు పట్టడం లేదు, మనవరాలు నాలుగు ముద్దలు ఎక్కువ తినాలనే ఆవిడ తాపత్రయం. ఆవిడతో ఇలా చెప్పండి: పళ్ళు పుచ్చిన చిన్నపిల్లలు నొప్పికి తిండి మానేస్తారు, రాత్రిళ్ళు నిద్రపోరు, దాంతో బరువు ఇంకా తగ్గుతుంది. పుచ్చిన పళ్ళకు వైద్యం చేశాక తిండి, నిద్ర కుదుటపడి మళ్ళీ బరువు పుంజుకున్న పిల్లలను మేము చూస్తూనే ఉంటాం. బరువు పెరగాలని పెట్టే తీపి ఒక పిల్లవాడికి ఒంటినిండా కొవ్వు పెంచితే, ఇంకో పిల్లకు పళ్ళు పాడుచేసి ఉన్న బరువు కూడా తగ్గిస్తుంది. ఆవిడ చేత్తోనే గట్టి పప్పన్నం, నెయ్యి, గుడ్డు పెట్టించండి. పెట్టే చెయ్యి ఆవిడదే అయితే గొడవ ఉండదు.

బాబును పస్తు పెట్టవద్దు, బరువు తగ్గించే ప్రయత్నాలూ వద్దు. ఎదిగే పిల్లవాడు కాబట్టి బరువు ఉన్నచోటే నిలబడితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. పాలలో పంచదారను పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించి మానిపించండి, పొడి డబ్బా అయిపోయాక కొత్తది కొనకండి. బడికి బిస్కట్ ప్యాకెట్ బదులు ఉడికించిన శనగలు, జామకాయ, అరటిపండు పెట్టండి. తీపి తినాల్సిన రోజున అన్నంతో పాటే పెట్టండి. మధ్యమధ్యలో చిరుతిండిగా తింటే పళ్ళకు ఎక్కువ చేటు. సాయంత్రం గంటసేపైనా బయట ఆడుకోనివ్వండి. రాత్రి పడుకునే ముందు మీరే బ్రష్షు పట్టుకుని తోమండి, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ పని పెద్దవాళ్ళదే. కొత్త దవడ పన్ను మీద బ్రష్షును అడ్డంగా పెట్టి, బుగ్గ పక్క నుంచి లోపలికి తోయండి, అప్పుడే అది అందుతుంది. పేస్టు బఠానీ గింజంత చాలు, ఉమ్మేయాలి. పాపకు మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి బియ్యపు గింజంత పేస్టుతో మెత్తటి బ్రష్షు వాడి, గుడ్డతో తుడిచేయండి. మీ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని తేలితే ఏ పేస్టు వాడాలో డాక్టరు ఆ రిపోర్టు చూసి చెబుతారు.

పిల్లల దంత వైద్యులకు ఇద్దరినీ చూపించండి. ఏడాది నిండిన ఏ బిడ్డకైనా ఒకసారి చూపించడం మంచిదే కాబట్టి పాప విషయంలో అదనంగా భయపడి వెళ్తున్నట్టు కాదు. వెళ్ళేటప్పుడు పాప ఎదుగుదల కార్డు, టీకాల కార్డు, నీటి పరీక్ష కాగితం వెంట తీసుకెళ్ళండి. ప్రైవేటులో ఖర్చు భారమనుకుంటే విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో పిల్లల విభాగం ఉంటుంది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం బడికి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి బాబు పన్ను చూపించినా వాళ్ళు పెద్దాసుపత్రికి రాసిస్తారు. నల్లగీత ఎనామెల్ వరకే ఉంటే దాన్ని మూసే పూత వేస్తారు, సూది కూడా అవసరం ఉండదు. కాస్త లోపలికి పోయి ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నరం దాకా పోతే ఆరేళ్ళ పిల్లవాడికి అది పెద్ద వైద్యమవుతుంది, ఒక్కోసారి పన్ను తీసేయాల్సి వస్తుంది. పాపకు 18 నెలల వరకు సమయం ఉంది. బాబును మాత్రం ఈ వారంలోనే తీసుకెళ్ళండి.